గాలిని పొదువుకొను బొంత

అరణ్యమధ్యమున రెండు చెట్ల నడుమ గుడ్డ ఊయలను కట్టుకొని, నేలమీది రాళ్లను, వేళ్లను, తడిని, పురుగుపుట్రను లెక్కచేయక సుఖముగా మేను వాల్చిన బాటసారికి, రాత్రి రెండు జాములు గడచి గాలి చల్లబడిన పిమ్మట మొట్టమొదట అనుభవమునకు వచ్చు సత్యమేమనగా, చలి పైనుండి గాక క్రిందినుండి వచ్చుననునది. మీద ఎంత దళసరి కంబళి కప్పుకొన్నను వీపును నడుమును చల్లబడుచునే యుండును. నేలపై పండుకొనువానికి అడుగున నున్న నేల యెంత చల్లనిదైనను కదలక యుండును. ఊయలలోనివానికి అడుగున నున్నది కదలు గాలి యొక్కటే, అది అతని మేనివేడిమిని క్షణక్షణము మోసికొనిపోవుచుండును. హ్యామక్ అని పిలువబడు ఈ ఊయలపడకలో అడవులయందు రాత్రులు గడపు అమెరికా పాదచారులు, ఈ చిక్కునకు తమ యిండ్లలో, తమ కుట్టుమిషనులపై, పలువురు పలువిధముల ప్రయత్నించి కనుగొనిన ఉపాయమే క్రిందిబొంత. చూచుటకు సామాన్యమైన కుట్టుపనిగా తోచు దీనిలో భౌతికశాస్త్రము, గణితము, దర్జీల నైపుణ్యము మూడును ముప్పేటగా అల్లుకొనియున్నవి. కనుకనే దీనిని గుఱించి కొంత విస్తరించి వ్రాయుట యుచితమని నా యభిప్రాయము.

ఊయలపడక చల్లని దేశములలో పుట్టినది కాదు. కరీబియను ద్వీపముల ఆదివాసులైన టైనో జనులు ప్రత్తినూలుతో వలగా అల్లిన పడకలలో శయనించుటను 1492లో కొలంబసును, అతని నావికులును చూచిరి. ఉక్కపోత గల ఆ దీవులలో అడుగునుండి గాలి వీచుట వరమే కాని శాపము కాదు. పిమ్మట ఐరోపా నావికాదళములు ఆ పడకను తమ ఓడలలోనికి చేర్చుకొన్నప్పుడు, నావికులు దానిలో పలుచని పరుపు నొకటి వేసికొని చలిని కొంత తప్పించుకొనుచుండిరి. అట్టి ఉష్ణమండలపు పడకను, జార్జియాలోని స్ప్రింగర్ కొండనుండి మేయిన్‌లోని కటాడిన్ శిఖరము వరకు 14 రాష్ట్రముల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు సాగు అపలాచియన్ కాలిబాటకు, వసంతారంభమునను మంచు కురియు ఆ కొండలలోనికి తీసికొనిపోయినప్పుడు, దాని గుణమే దోషముగా పరిణమించినది. ఆ బాట అడవుల గుండా పోవును. గుడారమునకు తగిన చదునైన నేల దొరకుట కష్టము, చెట్లు మాత్రము ఎచ్చట జూచినను కలవు. అందుచే పాదచారులు పడకను విడువక, దాని దోషమును మాత్రము తొలగింపజూచిరి.

చలినుండి మనలను కాపాడునది దూది కాదు, ఉన్ని కాదు, ఈక కాదు. వాని పోగుల నడుమ చిక్కుకొని కదలక నిలిచిన గాలి. వేడిమిని మోయుటలో నిశ్చలమైన గాలి మిక్కిలి అసమర్థము. ఆ అసమర్థతయే మన పాలిటి రక్షణ. అదే గాలికి కదలుటకు త్రోవ దొరకెనా, వెచ్చబడినది తొలగిపోయి చల్లనిది దాని స్థానమున జేరుచు, మేనివేడిమిని హరించును. కాబట్టి బొంత యనగా గాలిని కోట్లకొలది సూక్ష్మమైన సందులలో బంధించి కదలనీయని కట్టడమని గ్రహింపవలెను. ఇంత గ్రహించినవానికి ఊయలలో వీపు ఏల చల్లబడునో సులభముగా బోధపడును. ఎంత వెలపెట్టి కొనిన పడకసంచిలో దూరి పండుకొన్నను, దేహభారము క్రింద పడిన భాగము నలిగి, అందలి గాలి యంతయు వెడలిపోయి, రెండు పొరల గుడ్డ మాత్రము మిగులును. ఈ కారణములోనే పరిష్కారమును గలదు. బొంతను దేహమునకును ఊయలకును నడుమ గాక, ఊయలకు వెలుపల, దాని అడుగున వ్రేలాడగట్టవలెను. అప్పుడు బరువంతయు ఊయల గుడ్డ మోయును. బొంతపై ఏ భారమును పడదు. అందలి పొంగు, అనగా గాలిని నింపుకొని ఉబ్బియుండు దళము, తెల్లవాఱువఱకు నిలుచును.

దీనికి తోడుగా మఱియొక ఆలోచనయు నడచినది. నలిగి నిరుపయోగమైన అడుగుభాగమును వీపున మోసికొని తిరుగుట యెందులకని ప్రశ్నించి, పడకసంచికి బదులు అడుగు లేని బొంతను కప్పుకొనుట మేలని బోధించినవారిలో రే జార్డీన్ అగ్రగణ్యుడు. అంతరిక్షయాన పరిశ్రమలో ఇంజనీరుగా పనిచేసి, పిదప పర్వతారోహకుడై, బండల పగుళ్లలో బిగిసి త్రాడును నిలుపు ‘ఫ్రెండ్స్’ అను సాధనమును 1970ల దశకమున కల్పించిన ఈయన, భార్య జెన్నీతో కూడి వేల మైళ్లు నడచి, వీపుసంచులను, గుడారపు గుడ్డలను, బొంతలను స్వయముగా కుట్టుకొని, పసిఫిక్ క్రెస్ట్ కాలిబాట యాత్రికులకొఱకు 1992లో ఒక కరదీపికను ప్రకటించి, తరువాతి రచనలలోను తమ పద్ధతులను సవివరముగా బోధించెను. ఆయన బొంత నేలపై పండుకొనువారి నుద్దేశించినది. ఊయలవారు ఆ తర్కమునే గైకొని, పైబొంత యొకటి, క్రిందిబొంత యొకటి అని పడకసంచిని రెండుగా విడదీసికొనిరి. వియత్నాము యుద్ధకాలమున అమెరికా సైనికుల కిచ్చిన పలుచని పాలియెస్టరు కుట్టుదుప్పటికి అంచులవెంట త్రాడు దూర్చి ఊయల క్రింద కట్టుకొనుటతో ఈ విద్యలో అడుగిడినవారు అనేకులు. నేటికిని అది మంచి ప్రథమపాఠమే.

తెలుగునాట పాతచీరలను, పంచెలను పొరలుపొరలుగా పరచి, నాలుగంచులు మడిచి, అంచునుండి నడుమకు చాలుచాలుగా చేతికుట్టు వేయుచు అవ్వలు బొంతలు కుట్టుట చూచినవారికి, ఆ కుట్లెందులకో వేరుగ చెప్పనక్కఱలేదు. పొరలు జారి యొకచోట ప్రోగుపడక నిలుచుటకే అవి. మన చలికాలమునకు గుడ్డపొరల దళమే చాలును గనుక, కుట్టు క్రింద అది కొంత నలుగుట మనకు దోషముగా తోచదు. కాని పక్షుల నూగును నింపిన బొంతలో ఆవైపునుండి ఈవైపునకు దిగునట్లు కుట్టినచో, కుట్టున్న మేర పై గుడ్డయు అడుగు గుడ్డయు ఒకదానినొకటి తాకి, గాలి లేని గీత యొకటి యేర్పడును. నీరు గడ్డకట్టు రాత్రి ఆ గీతల వెంట చలి లోనికి జొచ్చును. నూగును గుడ్డల నడుమ నిలుపుట యెట్లన్న ఈ ప్రశ్న చాల కాలముగా మనుష్యులను పీడించినదే. 1922లో ఎవరెస్టు నెక్కబోయిన ఆంగ్లేయుల బృందములోని జార్జి ఫించ్ అను రసాయనశాస్త్రవేత్త, బెలూనుల గుడ్డలో ఈడర్ పక్షి నూగును నింపించి, తన యూహప్రకారము కుట్టించిన కోటును తొడుగుకొనిపోగా, మొదట నవ్విన సహచరులే మంచుగాలులలో దానిని చూచి అసూయపడిరి. సియాటిల్ నగరవాసి ఎడ్డీ బాయర్, చేపల వేటకు పోయి చలికి ప్రాణాపాయమునకు లోనై బయటపడిన పిదప, నూగుకోటును గళ్లుగళ్లుగా కుట్టు పద్ధతిని కల్పించి 1940లో దానిపై పేటెంటు పొందెను. ఒడలికి అంటియుండి కదలికతో వెచ్చబడు కోటునకు గళ్లకుట్టు చాలును. నిశ్చలముగా నిద్రించువాని వీపు క్రింద అది చాలదు.

ఈ పనికి క్రొత్తవారు నూగుతో గాక పాలియెస్టరు దూదితో ఆరంభించుట మేలు. తెగని పోగులతో పరపుగా వచ్చు ఈ దూది, క్లైమాషీల్డ్ అపెక్స్ అను పేర విక్రయింపబడునది పాదచారులలో ప్రసిద్ధము, చదరపు గజమునకు 2.5, 3.6, 5, 6 ఔన్సుల బరువులలో దొరకును. 2.5 ఔన్సులది 10 డిగ్రీల సెల్సియసు చలికిని, 5 ఔన్సులది నీరు గడ్డకట్టు చలికిని ఇంచుమించుగా సరిపోవునని పాదచారుల లెక్క. డిసెంబరు, జనవరి నెలలలో సున్న డిగ్రీలకు చేరువగా చల్లబడు మన లంబసింగి రాత్రులకును రెండవదియే తగును. పోగులు తెగనివగుటచే నడుమ కుట్లతో పనిలేదు, నాలుగంచుల కుట్టు చాలును. తడిసినను ఇది వెచ్చదనమును పూర్తిగా విడువదు. నూగుకంటె బరువు హెచ్చు, సంచిలో అణచియణచి పెట్టినకొలది పొంగు తగ్గును. ఈ రెండే దీని లోపములు.

గుడ్డ విషయమున మాత్రము లోభము పనికిరాదు. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియర్లని నేతవారి లెక్క. బొంతకు 10 మొదలు 20 డెనియర్ల నైలాను వాడుదురు, అనగా తొమ్మిది కిలోమీటర్ల నూలు 20 గ్రాములకు మించదన్నమాట. అంత పలుచని గుడ్డ చినుగకుండుటకు, మధ్యమధ్య దళసరి నూలుపోగులను నిలువునను అడ్డమునను నేసి గళ్లు తీర్తురు. చినుగు మొదలైనను ఆ గళ్లకడ ఆగును. రిప్‌స్టాప్ అని దీనికి పేరు. ఇట్టి గుడ్డ కత్తెర క్రిందనే జారును, మిషను పాదము క్రింద మఱియు జారును. దీనిని కుట్టుటకు సన్నని క్రొత్త సూది, పాలియెస్టరు దారము, నిదానము కావలెను. నూలుదారము తడికి చివుకును. గుండుసూదులను కుట్టుకు వెలుపల విడిచిన అంచులోనే గ్రుచ్చవలెను, లేదా వానికి బదులు క్లిప్పులు పెట్టవలెను. ఏలనన ఈ గుడ్డలో పడిన ప్రతి రంధ్రమునుండియు రేపు నూగు బయటికి తొంగిచూచును. ఇస్త్రీపెట్టె వేడి తగిలినచో గుడ్డ కరగి ముడుచుకొనును. దూదిబొంతకు కుట్టు వరుస సులభము: రెండు గుడ్డలను మంచివైపులు ఎదురెదురుగా నుంచి, మీద దూదిని పరచి, మూడు వైపులును నాలుగవ వైపున కొంతయు కుట్టి, తిరగవేసి, మిగిలిన మేరను మడిచి మూసివేయవలెను. పిదప తలవైపునను కాళ్లవైపునను త్రాడు దూర్చుటకు నేఫా కుట్టవలెను. కుట్టు తెలిసినవారికి ఒక్కనాటి పని.

ఇక నూగుబొంత. ఈ విద్యయందలి సౌందర్యమంతయు దీనిలోనే గలదని నా నమ్మకము. పెద్దబాతుల ఱొమ్మున పై ఈకల మాటున నుండు నూగునకు ఈకకున్నట్లు గట్టి కాడ యుండదు. నడుమనున్న బిందువునుండి సన్నని పోగులు అన్నిదిక్కులకు విరిసియుండి, ఒకదానినొకటి త్రోసికొనుచు గాలిని పట్టియుంచును. దాని మేలిమిని కొలుచు విధానము గలదు. ఒక ఔన్సు నూగును గొట్టములో పోసి, పైన స్వల్పమైన భారముంచినప్పుడు అది ఎన్ని ఘనపు అంగుళముల స్థలమును ఆక్రమించునో అదియే దాని పొంగు సంఖ్య. 800 మొదలు 900 వరకు గలది శ్రేష్ఠము. 600 సంఖ్య గలది దాని పనినే చేయును, కాని దానికి బరువెక్కువ పట్టును.

నూగునకు అఱలు కావలెను. పై గుడ్డకును అడుగు గుడ్డకును నడుమ, దోమతెర వంటి సన్నని జాలిగుడ్డతో, రెండు అంగుళముల యెత్తున పట్టీలను నిలువుగోడలుగా కుట్టుదురు. గోడకును గోడకును నడుమ ఐదాఱు అంగుళముల దూరముండును. ముందుగా ఒక గుడ్డపై సుద్దతో గీతలు గీసి, పట్టీల ఒక అంచును దానికి వరుసగా కుట్టి, తరువాత రెండవ అంచును రెండవ గుడ్డకు కుట్టుకొనుచు రావలెను. మొదటి గోడ సులభము, చివరి గోడల నాటికి గుడ్డయంతయు మిషను మెడ క్రింద చుట్టలు చుట్టుకొని ఓర్పును పరీక్షించును. ఇట్లు కుట్టిన బొంతలో రెండు గుడ్డలు ఎచ్చటను తాకవు. చలికి త్రోవ యుండదు.

అందులోను క్రిందిబొంతకు మఱియొక సూక్ష్మము గలదు. పైబొంత చదునుగా పఱచుకొనును. క్రిందిబొంత దేహమును చుట్టి వంగును. రెండు గుడ్డలును సమానమైన వెడల్పున నున్నచో, వంగినప్పుడు వెలిగుడ్డ బిగిసి, లోనున్న నూగును నొక్కివేయును. ఇంత శ్రమపడి నిలిపిన పొంగు అక్కడనే నశించును. కాబట్టి వెలిగుడ్డను లోగుడ్డకంటె వెడల్పుగా కత్తిరింపవలెను. ఎంత వెడల్పనుటకు పాఠశాలలో నేర్చిన వృత్తగణితమే సమాధానము: అర్ధవృత్తముగా వంగిన బొంతకు దళము 2 అంగుళములైనచో, వెలి చాపము లోచాపముకంటె సుమారు 6.3 అంగుళములు పొడవగును. ఊయల పూర్ణమైన అర్ధవృత్తము కాదు గనుక ఆచరణలో నాలుగైదు అంగుళములు చాలును. ఈ అధికమును ఒక్కచోట కుచ్చుగా పెట్టక, ప్రతి అఱకును సమముగా పంచవలెను. దుకాణమున కొనిన బొంతను విప్పి చూడనివానికి ఈ సంగతి తెలియు నవకాశమే లేదు. కుట్టినవాడు జన్మలో మఱువడు.

నూగు ఎంత కావలెనో లెక్కించుట కష్టము కాదు. 72 అంగుళముల పొడవు, 50 అంగుళముల వెడల్పు, 2 అంగుళముల దళము గల బొంత కడుపు 7,200 ఘనపు అంగుళములు. పొంగు సంఖ్య 800 అయినచో 9 ఔన్సులు. అఱలలో ఖాళీలు ఏర్పడకుండుటకు ఐదవవంతు అధికముగా చేర్చినచో 10.8 ఔన్సులు, అనగా ఇంచుమించు 306 గ్రాములు. అఱలు పది యైనచో ఒక్కొక్కదానికి ముప్పది గ్రాములు పైచిలుకు. వీపంతయు వెచ్చగా నుంచు బొంత కడుపులోని సరుకు బరువు ఇంతే.

నింపుట మాత్రము ఏకాగ్రత గల పని. చిన్న స్నానాలగదిలో తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, గాలిలో కొంత తేమ యుండునట్లు నీరు చిలుకరించి కూర్చుందురు. పొడిగాలిలో నూగు స్థిరవిద్యుత్తు వలన చేతులకు, బట్టలకు, గోడలకు అంటుకొని విడువదు. చేతిలోనికి తీసికొన్న నూగునకు బరువున్నట్లే తోచదు. పిడికిలి మూసినచో లేనట్లే యణగి, తెఱచినంతనే వ్రేళ్ల సందులనుండి పొంగివచ్చును. సంచిని త్రాసుపై నుంచి, అఱకొక పాలు తూచి, అఱ నోటిలో చేయి మోచేతివఱకు దూర్చి, లోపలి కొసన విడిచి, నూగును అఱచేతినుండి విదల్చుకొని చేతిని మెల్లగా వెనుకకు తీయవలెను. మఱికొందఱు వాక్యూమ్ క్లీనరు గొట్టములోనికి తూచిన నూగును పీల్చి, వెనుకనుండి జాలిగుడ్డతో ఆపి, గాలిని తిరుగగొట్టి అఱలోనికి ఊదుదురు. నిండిన అఱ నోటిని వెంటనే క్లిప్పులతో మూసి, మఱుసటి దానికి పోవలెను. అన్నియు నిండిన పిదప అఱల నోళ్లున్న అంచును కుట్టి మూసిన తరువాత, బొంతను నాలుగుమూలల పట్టి విదలించినచో, అంతవఱకు ముడుతలుపడి చప్పగా నున్న గుడ్డ అఱ తరువాత అఱగా నిండి లేచును.

కట్టుటలో నేర్పు లేనిచో కుట్టుటలోని నేర్పు వ్యర్థము. బొంత నాలుగు మూలలనుండి సాగు త్రాళ్లు బయలుదేరి, ఊయల రెండు కొసలకడ తగులుకొనును. నేఫాలలోని త్రాడును బిగించినచో తలవైపును కాళ్లవైపును ముడుచుకొని, సందులు మూసికొనును. త్రాళ్లు వదులైనచో ఊయలకును బొంతకును నడుమ ఖాళీ యేర్పడి, అందు చల్లగాలి ప్రవహించును, అప్పుడు బొంత యుండియు లేనట్లే. మితిమీఱి బిగించినచో పొంగు నలుగును. అందుచే పండుకొనిన పిదప ఇంకొకరిచేత ఊయలకును బొంతకును నడుమ చేయి పెట్టించి చూచుకొనుట మంచిది: చేయి ఎక్కడను ఖాళీలో ఆడరాదు, ఎక్కడను ఇఱుకుకొనరాదు. ఊయలలో నిలువుగా గాక కొంచెము ఏటవాలుగా పండుకొన్నచో వీపు చదునుగా నుండును గనుక, బొంతను గూడ ఆ శయనమునకు అనుగుణముగా సరిచేసికొందురు. కొందఱు భుజములనుండి మోకాళ్లవఱకే బొంత కుట్టుకొని, పాదముల క్రింద చిన్న మెత్త వేసికొని బరువు తగ్గించుకొందురు.

ఇన్ని శ్రమలేల, కొన్నచో పోదా యని అడుగువారుందురు. కొనవచ్చును, మంచివి దొరకును. కాని అంగడి బొంత సగటు మనిషి కొలతకు కుట్టబడినది, సగటు మనిషి యన్నవాడు ఏ ఊయలలోను పండుకొనడు. పాదములు త్వరగా చల్లబడువాడు కాళ్లవైపు అఱలలో నాలుగు గ్రాములు ఎక్కువ పోసికొనవచ్చును. భుజములు వెడల్పైనవాడు తలవైపు గుడ్డను విరివిగా కత్తిరించుకొనవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, నడుమ అడవిలో కుట్టు విడినప్పుడు భయపడక సూదిదారము తీయువాడు దానిని కుట్టినవాడే. ఒహాయో రాష్ట్రపు గ్రామీణస్త్రీ, పదునొకండుగురు బిడ్డల తల్లి, ఎమ్మా గేట్‌వుడ్ 1955లో తన 67వ యేట అపలాచియన్ కాలిబాటను ఒంటరిగా, ఒక్క యేట, చివరికంట నడచిన మొదటి మహిళ యైనప్పుడు, ఆమె భుజమున నున్నది తాను ముతక డెనిము గుడ్డతో కుట్టుకొనిన సంచి. తన కేది కావలెనో, ఏది అక్కఱలేదో ఆమె చేతులకే తెలిసియుండెను. ఆ జ్ఞానము కొనుగోలు వలన లభింపదు.

నూగు కొనువారు అది ఎచ్చటనుండి వచ్చినదో విచారించుట ధర్మము. మాంసమునకై పెంచిన బాతులనుండి లభించునది గలదు. బ్రతికియున్న పక్షులను పీకి తెచ్చినదియు గలదు, దానిని ఏ ధరకైనను తీసికొనరాదు. ఐస్లాండు రైతులు, ఈడర్ తల్లిపక్షి తన గ్రుడ్లకొఱకు గూటిలో పఱచిన నూగును ఏఱి తెచ్చు పద్ధతి మిక్కిలి సౌమ్యమైనది. దాని వెల సామాన్యులకు అందనిది.

కుట్టిన బొంతను ఇంటికడ నున్నప్పుడు సంచిలో కుక్కిపెట్టక, పెద్ద నూలుసంచిలో వదులుగా నుంచవలెను, లేదా వ్రేలాడదీయవలెను. మూడు నాలుగేండ్ల కొకసారి మృదువైన సబ్బుతో ఉతికి, పిండక, చేతులతో నొక్కి నీరు దించి, ఉండలు కట్టిన నూగును వ్రేళ్లతో విడదీయుచు పూర్తిగా ఆరునంతవఱకు త్రిప్పుచుండవలెను. లోపల తడి మిగిలినచో కంపుకొట్టును. ఇట్లు కాపాడిన నూగు గుడ్డకంటె చిరకాలము నిలుచును. గుడ్డ అఱిగి, అంచులు చివికి, నూగు రాలుట మొదలైనప్పుడు, అఱలను ఒక్కొక్కటిగా విప్పి, నూగును మరల తూచి, క్రొత్త గుడ్డలోనికి మార్చుకొనవచ్చును. కొంత తఱిగినచో, అఱలను రెండు తగ్గించి, ఇంట పిల్లవాని కొలతకు ఒక చిన్న బొంత కుట్టవచ్చును.